రెండో పార్టీ నిద్రపోతుండగా

మహారాణిపేటలో, రిజిస్ట్రారాఫీసు ఎదర,
జిరాక్సు షాపు గొడుగు కింద
ముప్పై ఒక్క ఏళ్లుగా నాదొక స్టూలు, ఒక అట్ట, ఒక సిరా ప్యాడు.
ఒకరినొకరు నమ్మలేని మనుషులు
నా దగ్గరికొస్తారు.
వాళ్ల అపనమ్మకానికి నేను మంచి భాష తొడుగుతాను:
ఇందుమూలముగా, ఉభయులమూ సమ్మతించి,
స్వస్థచిత్తముతో, ఎవరి బలవంతమూ లేక,
ఆచంద్రార్కము.

ఆచంద్రార్కమని రాసిన కాగితాలు
మూడేళ్లకే కోర్టు మెట్లెక్కడం చూశాను.
అన్నదమ్ముల నడుమ గోడకి
కొలతలు రాసింది ఈ చేతే.

ఆదివారం జ్ఞానాపురంలో, రైలు పట్టాల పక్క రేకుల గుడిలో
బొటనవేలి సిరా పంచెకి తుడుచుకుని కూర్చుంటాను.
ఓ వారం ఓబేదు పాస్టరు ఆ పాత సంగతి చెప్పాడు.
పశువుల్ని నడిమికి ఖండించి
ఎదురెదురుగా పరిచారట.
మాట తప్పితే నాకూ ఇదే గతి అంటూ
ఇద్దరూ ఆ ముక్కల మధ్య నడవాలి.
అదీ ఆనాటి స్టాంపు కాగితం.
వాలే గద్దల్ని తోలీ తోలీ
పొద్దుగూకేసరికి ముసలాయన నిద్రలో పడ్డాడు.
చీకట్లో పొగలు కక్కే కుంపటీ, ఒక దివిటీ
తామే ఆ దారిన నడిచి వెళ్లాయి.

నేను బెంచీ మీద నిటారుగా లేచాను.
ఇదేం దస్తావేజు?
రెండో పార్టీ గుర్రుపెడుతుంటే
మొదటి పార్టీయే రెండుచోట్లా చేవ్రాలు చేసి
జరిమానా షరతంతా తన నెత్తినే వేసుకుంటే
ఏ రిజిస్ట్రారు ఒప్పుతాడు?
నేనైతే రాయను. ఫీజు రెట్టింపిచ్చినా రాయను.

అక్కడితో లేచి ఇంటికెళ్లిపోదును గానీ
మా నాన్న అడ్డొచ్చాడు.

కరుణానందం, పోర్టులో వించి తోలేవాడు.
కలాసీ అప్పలసూరి అప్పుకి జామీనున్నాడు.
సూరి రాత్రికి రాత్రి ఒడిశా బండెక్కాడు.
పదకొండేళ్లు మా నాన్న జీతం కోసుకున్నారు.
పదకొండేళ్లు మా పులుసులో చేప తలకాయలే.
పారిపోయినోడి బాకీ నువ్వెందుకు కడతావంటే
"సంతకం నాదిరా" అన్నాడు.
అంతకు మించి వేదాంతం ఆయనకి రాదు.

పన్నెండో ఏట సూరి వచ్చాడు.
గుమ్మం దాటలేదు, చెప్పుల దగ్గరే నిలబడ్డాడు.
నాన్న ట్రంకుపెట్టె తీసి
ఒక కాగితం అతని చేతిలో పెట్టాడు.
సూరి దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.
నేను తిప్పి చదివాను: బాకీ చెల్లు.
"మరో పాలి సదువు, బాబూ."
చదివాను.
"మరో పాలి."
నేను చదివిన మొదటి దస్తావేజు అదే.

హుద్‌హుద్ వెళ్లిన మరుసటి ఆదివారం
గుడికి రేకుల్లేవు, పడమటి గోడ సగమే ఉంది.
సింహాచలం కొండల మీద, సన్న జల్లులో,
ఇంద్రధనుస్సు వేసింది.
పడవా ఇల్లూ రెండూ పోయిన జాలరిపేట మసేనమ్మ
దాన్ని చూసి పాస్టరు ముందుకెళ్లి నిలబడింది.
"మల్లీ ముంచనని రాసిచ్చాడన్నావు గదా అయ్యా,
మరి ఇదేటి?"
ఓబేదు గారు నోరు తెరిచి, మూసుకున్నాడు.
ఆయన చేతిలో గిన్నె కాస్త తొణికింది.
ఆమె జవాబు కోసం ఆగలేదు,
తడి కొంగుతోనే రొట్టె అందుకుని
వెనక్కెళ్లి కూర్చుంది.
ఆ ప్రశ్నకి నా దగ్గరా కాగితం లేదు.

చిన్న గ్లాసు ఎత్తుతుంటే
ద్రాక్షరసం నా వేలి మీదికి జారింది.
సిరా పక్కన ఊదాగా ఇంకో మరక.
పుచ్చుకోడానికి వచ్చానే తప్ప
ఎక్కడా నేను సంతకం చేసిన గుర్తు లేదు.

సోమవారం ఇద్దరు తోడికోడళ్లు, ఒక ఇంటి వాటా.
"మొదటి పార్టీ" రాశాను.
"రెండో పార్టీ" దగ్గర కలం ఆగింది.
"ఏటి మేస్టారూ, నిద్దరొస్తందా?"
అవునమ్మా అన్నాను.
నిజంగానే వస్తోంది,
జామీనుదారుడు మేలుకునే ఉన్న ఇంట్లో
పిల్లాడికొచ్చే నిద్ర.